శుభం కార్డు ఎవరి ప్రేమకి?

అందరికీ నమస్కారం. ఫిల్మ్ సొసైటీ మిత్రులు నాకిచ్చిన అంశం రొమాంటిక్ కామెడీల్లో వైవిధ్యం, ప్రాతినిధ్యం. ఇలాంటి అంశం ఇస్తే మామూలుగా అందరం లెక్కలు తీస్తాం. తెరమీద ఏ మతం వాళ్ళు ఎంతమంది, ఏ ప్రాంతం వాళ్ళు ఎంతమంది, ఆడవాళ్ళకి ఎన్ని డైలాగులు అని. ఆ లెక్కలూ కావాలి, కాదనను. కానీ నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. పాత సినిమాల చివర శుభం అని కార్డు పడేది కదా, ఆ కార్డు ఎవరి ప్రేమకి పడింది, ఎవరి ప్రేమకి పడలేదు?

ఏడిపించే ప్రేమకథలో ఎవరినైనా హీరోగా పెట్టవచ్చు. చివర్లో అతను చచ్చిపోతాడు, మనం కళ్ళు తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోతాం, మర్నాడు మన ఇంట్లో ఏదీ మారదు. రొమాంటిక్ కామెడీలో ఆ సౌకర్యం లేదు. ఆ ఇద్దరూ బతకాలి, కలిసి బతకాలి. రెండిళ్ళ వాళ్ళూ ఎలాగో ఒప్పుకోవాలి. ఆ పెళ్ళి జరిగితే బాగుండునని హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ అనిపించాలి. తన ఇంట్లో అలాంటి పెళ్ళి ఒప్పుకోని మనిషి చేత కూడా రెండున్నర గంటల సేపు ఆ పెళ్ళి కోరుకునేలా చేయాలి. అందుకే ప్రాతినిధ్యం విషయంలో అన్నిటికంటే గట్టి పరీక్ష ఈ తరహా సినిమాదే అని నా నమ్మకం.

ఈ తరహాకి మనకున్న పెద్దబాలశిక్ష "మిస్సమ్మ". 1955 జనవరిలో వచ్చింది. విజయా సంస్థ, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, చక్రపాణి కథ నడిపిన తీరు, పింగళి పాటలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. మూలం బెంగాలీ నాటకమే అయినా ఎక్కడా పరాయి వాసన రాదు. డిగ్రీ చదివి ఉద్యోగం దొరకని ఇద్దరు, ఎం.టి. రావు, మేరీ. అప్పాపురం స్కూల్లో టీచర్లుగా భార్యాభర్తలే కావాలన్నారని ఇద్దరూ మొగుడూ పెళ్ళాల్లా నటిస్తూ వెళతారు. అతను హిందువు, ఆమె క్రిస్టియన్. మేరీకి డేవిడ్ దగ్గర అప్పుంది, అది తీర్చకపోతే అతన్నే పెళ్ళి చేసుకోవాల్సిన పరిస్థితి. అంటే ఈ నాటకం ఆమె సరదాకి ఆడడం లేదు, అవసరానికి ఆడుతోంది.

ఆ సినిమాలో నాకు ఎంతో ఇష్టమైంది మేరీ కోపం. తనది కాని ఆచారం పాటించాల్సి వచ్చినప్పుడల్లా ఆమె చిరాకు పడుతుంది, ఎదురు చెబుతుంది, వెళ్ళిపోతానంటుంది. ఆ కోపాన్ని సినిమా ఎగతాళి చేయదు. సావిత్రి మొహంలో ఆ చిరాకు పక్కనే మెల్లగా పుట్టే ఇష్టం కూడా కనిపిస్తుంటుంది. జమీందారు దంపతులుగా ఎస్.వి. రంగారావు, ఋష్యేంద్రమణి ఆమెని కన్నకూతురిలా చూసుకుంటారు. ఇక్కడిదాకా ఏ దేశం వాళ్ళ ముందైనా గర్వంగా పెట్టగలిగిన రొమాంటిక్ కామెడీ.

ఆ తర్వాత పుట్టుమచ్చ వస్తుంది. మేరీ నిజానికి మేరీ కాదని, ఆ జమీందారు ఇంట్లోనే పుట్టి చిన్నప్పుడు తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలుతుంది. పెంచినవాళ్ళు క్రిస్టియన్లు, అంతే. ఇక పెళ్ళికి అడ్డేముంది? చూస్తున్నవాళ్ళకి సంతోషం, తీసినవాళ్ళకి నిశ్చింత. క్రిస్టియన్ అమ్మాయి హిందూ అబ్బాయిని పెళ్ళి చేసుకోవచ్చా అన్న ప్రశ్నని సినిమా రెండున్నర గంటలు మోసుకొచ్చి, జవాబు చెప్పాల్సిన చోట ప్రశ్ననే తీసేసింది. శుభం కార్డు మహాలక్ష్మికి పడింది. మేరీగా ఉండిపోయిన అమ్మాయికి పడలేదు.

దీన్ని ఆ కాలానికి వదిలేద్దామని కొందరంటారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే అంతకు 17 ఏళ్ళ ముందే, 1938లో, గూడవల్లి రామబ్రహ్మం "మాలపిల్ల" తీశారు. చలం కథ, కాంచనమాల నాయిక. బ్రాహ్మణ యువకుడు దళిత అమ్మాయిని ప్రేమించాడు. చివరికి కూడా ఆ అమ్మాయి దళిత అమ్మాయిగానే ఉంది. ఏ పుట్టుమచ్చా ఆమెని కాపాడలేదు, కాపాడాల్సిన అవసరం కూడా లేదని ఆ సినిమా అనుకుంది. అది కామెడీ కాదు, సంస్కరణ కోసం తీసిన సినిమా. అయినా ఆ ప్రేమ గెలిచింది, జనం ఆదరించారు. కాబట్టి అప్పటి ప్రేక్షకులు ఒప్పుకోరన్న మాట పూర్తిగా నిలబడదు.

ఇప్పటి సంగతికి వస్తాను. గత కొన్నేళ్ళలో కులం గురించి మన ప్రేమకథలు మళ్ళీ నోరు విప్పాయి. "ఉప్పెన"లో జాలరి కుర్రాడి ప్రేమకి పడిన శిక్ష చూశాం. "లవ్ స్టోరీ"లో దళిత క్రిస్టియన్ కుర్రాడు, ఆర్మూరు నుంచి హైదరాబాదుకి వచ్చి జుంబా సెంటర్ నడుపుకుంటుంటాడు. ఆ ఇద్దరూ చివరికి కలుస్తారు, కానీ కత్తుల మధ్యనుంచి దాటుకుని. 2020లో వచ్చిన "కలర్ ఫోటో" నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మచిలీపట్నం, తొంభైల కాలం, పాలు పోస్తూ ఇంజినీరింగ్ చదివే నల్లటి కుర్రాడు, తెల్లటి అమ్మాయి. సుహాస్, చాందినీ చౌదరి మధ్య మొదటి సగం నిండా నవ్వే. స్నేహితుల అల్లరి, కాలేజీ, చాటుమాటు చూపులు. ఇంటర్వెల్ దాకా అది చక్కటి రొమాంటిక్ కామెడీ. ఆ తర్వాత అమ్మాయి అన్న రంగంలోకి దిగేసరికి సినిమా జాతే మారిపోతుంది, విషాదంతో ముగుస్తుంది. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది, ఆ గౌరవానికి తగిన సినిమానే. బయట నిజంగా జరుగుతున్న హత్యల్ని చూస్తున్న దర్శకులు అలా ముగించడంలో నిజాయితీ ఉంది. వాళ్ళని తప్పుపట్టడం లేదు.

కానీ వరసగా చూసినప్పుడు మనసుకి బాధేస్తుంది. పొలాలు, పెద్ద ఇల్లు, పాతిక మంది బంధువులు ఉన్న కుర్రాడు ప్రేమిస్తే అది కామెడీ. మామని ఆటపట్టిస్తాడు, బాబాయిలని బుట్టలో వేసుకుంటాడు, చివర్లో అందరూ కలిసి గ్రూప్ ఫోటో దిగుతారు. ఆ కుర్రాడి కులం ఎవరూ చెప్పరు. ఇల్లు చెబుతుంది, తాతగారి పేరు చివరి మాట చెబుతుంది. అదే ప్రేమ ఊరి చివర ఇంటి కుర్రాడికి కలిగితే వెనక సంగీతం బరువెక్కుతుంది, వాన మొదలవుతుంది, మనకి టెన్షన్ పట్టుకుంటుంది. ఆ కుర్రాడికి కూడా మామని ఆటపట్టించే హక్కుంది. వేళాకోళం, అలక, అబద్ధం ఆడి దొరికిపోవడం, ఇవన్నీ అతని ప్రేమలోనూ ఉంటాయి. తెరమీద అతనికి మనం చావునీ పోరాటాన్నీ మాత్రమే ఇస్తున్నాం.

ఇక కామెడీ ట్రాక్ గురించి. మన సినిమాల్లో ప్రేమ ఒక దారి, నవ్వు ఇంకో దారి. హీరో హీరోయిన్లు పాటల్లో ప్రేమించుకుంటారు, నవ్వించే పని పక్కవాళ్ళకి అప్పగిస్తారు. ఆ పక్కవాళ్ళు ఎవరు? లావుగా ఉన్న ఆడమనిషి. నత్తి ఉన్న గుమస్తా. ఉత్తరాంధ్ర యాస మాట్లాడే వాచ్‌మన్. నడకలో సుకుమారం ఉన్న మగవాడు. వీళ్ళలో ఎవరికైనా ప్రేమ పుడితే, ఆ ప్రేమే జోకు. లావుపాటి అమ్మాయి హీరో వైపు సిగ్గుగా చూడగానే హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వు మధ్యలో అలాంటి ఒళ్ళున్న పదహారేళ్ళ పిల్ల కూడా కూర్చుని ఉంటుంది. తను ఇష్టపడడమే నవ్వులపాలయ్యే పని అని ఆ పిల్ల నేర్చుకుంటుంది. ఇది చిన్న విషయమని ఎవరన్నా అంటే నాకు కోపం వస్తుంది.

2015లో "సైజ్ జీరో" వచ్చింది. అనుష్క ఆ పాత్ర కోసం నిజంగానే బరువు పెరిగారు. అంత పెద్ద తార ఆ సాహసం చేయడం మామూలు విషయం కాదు. బరువు తగ్గిస్తామని చెప్పి ఆరోగ్యాలతో ఆడుకునే వ్యాపారం మీద కథ నడిపారు, ఆ అమ్మాయిని అలాగే ఇష్టపడే మనిషిని చూపించారు. నేను ఆ సినిమా వైపే ఉంటాను. అయితే ఆ వేషం వేయడానికి బరువు పెరగక్కర్లేని నటీమణులు మనకి ఎంతోమంది ఉన్నారు. వాళ్ళు అప్పటికీ కామెడీ ట్రాక్‌లోనే ఉన్నారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

స్త్రీ స్త్రీని ప్రేమించడం గురించి మన దగ్గర చెప్పుకోవడానికి ఉన్నది బహు తక్కువ. 2018లో ప్రశాంత్ వర్మ "అ!"లో నిత్యా మేనన్, ఈషా రెబ్బా జంటని చూపించారు. తల్లిదండ్రుల ముందు కూర్చుని నేను పెళ్ళి చేసుకోబోయేది ఈ అమ్మాయినే అని చెప్పే సన్నివేశం అది. పెళ్ళిచూపుల్లో ఉండే ఇబ్బంది, హాస్యం అన్నీ అందులో ఉన్నాయి, ఆ ఇద్దరి ప్రేమని మాత్రం చులకన చేయలేదు. మొత్తం సినిమాలో అదొక భాగమే. ఆ ఒక్క సన్నివేశాన్ని రెండు గంటల సినిమాగా చేసే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు.

భాష విషయంలో మాత్రం నిజమైన మార్పు వచ్చింది, దాని గురించి సంతోషంగా చెబుతాను. తెలంగాణ మాట ఎన్నో ఏళ్ళు తెరమీద రౌడీకి, విలన్‌కి, కమెడియన్‌కి మాత్రమే దక్కింది. ఉద్యమం రోజుల్లో ఈ అవమానం గురించి ఎంతో గట్టిగా మాట్లాడారు. 2016లో తరుణ్ భాస్కర్ "పెళ్ళి చూపులు" వచ్చినప్పుడు హైదరాబాదు పిల్లలు ఇళ్ళల్లో మాట్లాడుకునేలా మాట్లాడడం విన్నాం. "నా సావు నేను సస్తా, నీకెందుకు" అని ప్రియదర్శి అన్న మాట రెండు రాష్ట్రాల్లోనూ అందరి నోటా ఆడింది. కాకపోతే గమనించండి, అక్కడ కూడా ఆ మాట స్నేహితుడిది, నవ్వించేవాడిది. ఆ మరుసటి ఏడాది శేఖర్ కమ్ముల "ఫిదా"లో ఆ భాష నాయికకి వచ్చింది.

బాన్సువాడ భానుమతి. తిట్టినా ఆ మాటే, ప్రేమించినా ఆ మాటే, నాన్న మీద బెంగపడినా ఆ మాటే. సాయి పల్లవి నీలగిరి కొండల్లో కోటగిరి వైపు అమ్మాయి, అయినా ఆ యాస నేర్చుకుని తన గొంతుతోనే చెప్పుకుంది. మన హీరోయిన్లలో ఎక్కువమందికి గొంతు అరువు ఇచ్చే రోజుల్లో అది చిన్న పని కాదు. పెదవులు ఒకరివి, మాట ఇంకొకరిదైతే ఆ అమ్మాయి ఎక్కడి మనిషో, ఏ ఇంటి మనిషో చెప్పే ఆనవాలే పోతుంది. భానుమతికి ఆ ఆనవాలు ఉంది. ఇంకో సంగతి. అమెరికా కుర్రాడిని ప్రేమించిన తెలుగు సినిమా అమ్మాయి సూట్‌కేసు సర్దుకోవడం మనకి అలవాటు. భానుమతి సర్దుకోలేదు. ఆమె ప్రేమించిన అమెరికా డాక్టరే బాన్సువాడకి వచ్చాడు. ఒక చిన్న ఊరి అమ్మాయి తన ఊరిని, తన భాషని, తన మొండితనాన్ని వదులుకోకుండా శుభం కార్డు సంపాదించుకుంది. ఆ తర్వాత 2022లో "డీజే టిల్లు" వచ్చేసరికి ఆ మాట హీరోదే అయిపోయింది, ఎవరికీ వింతగా అనిపించలేదు. యాస విషయంలో ఆరేళ్ళలో ఇంత జరిగిందంటే మిగతా విషయాల్లో జరగదని ఎందుకు అనుకోవాలి?

వయసు గురించి మాట్లాడాలంటే "కేరాఫ్ కంచరపాలెం" దగ్గరికి వెళ్ళాల్సిందే. 2018లో వచ్చింది, వెంకటేష్ మహా తీశారు. విశాఖపట్నంలో కంచరపాలెం అనే పేటలో, చాలావరకు ఆ పేట మనుషులతోనే తీశారు. డబ్బు పెట్టింది అమెరికాలో గుండె డాక్టరుగా పనిచేసే పరుచూరి ప్రవీణ, ఆమె అందులో ఒక పాత్ర కూడా వేశారు. నాలుగు ప్రేమకథలున్న ఆ సినిమాలో నాకు ప్రాణమైనది రాజు, రాధల కథ. రాజు గవర్నమెంటు ఆఫీసులో అటెండరు, 49 ఏళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. పేటంతా అతని పెళ్ళి గురించే మాట్లాడుకుంటుంది. రాధ అదే ఆఫీసుకి వచ్చిన అధికారి, ఒడిశా నుంచి వచ్చింది, భర్త లేడు, పెళ్ళీడుకొచ్చిన కూతురుంది. ఒక్క జంటలో ఎన్ని గోడలు చూడండి. ఉద్యోగం హోదా, భాష, వితంతువన్న మాట, వయసు. మన సినిమాల్లో ఆ వయసు మనుషులు కన్యాదానం చేయడానికో, మంచం మీద దగ్గుతూ మాట తీసుకోవడానికో ఉంటారు. ఇక్కడ ఆ ఇద్దరూ సిగ్గుపడతారు, కలిసి తింటారు, ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తారు, మనం నవ్వుతాం. ఆ నవ్వులో వాళ్ళని తక్కువ చేయడం ఎక్కడా లేదు. ఈ వయసులో పెళ్ళేమిటన్న ఇంటివాళ్ళ అభ్యంతరాన్ని దాటి ఆ పెళ్ళి జరిగింది.

అదే సినిమాలో బ్రాందీ షాపులో పనిచేసే గడ్డం అనే మనిషి, సలీమాల కథ కూడా ఉంది. సలీమా ఒళ్ళు అమ్ముకుని బతికే ముస్లిం స్త్రీ. ఆమె కళ్ళు మాత్రమే కనిపిస్తూ మొదలైన ఆ ప్రేమ ఎంత అందంగా తీశారో చూసినవాళ్ళకి తెలుసు. సలీమా చనిపోతుంది. ఇంత పెద్ద మనసున్న సినిమాలో కూడా ఆమెకి సుఖాంతం దక్కలేదు. ముస్లిం పాత్ర అంటే హీరోకి ప్రాణమిచ్చే స్నేహితుడు, లేదా మంచి మాట చెప్పే పెద్దాయన. పెళ్ళి కుదరక తిప్పలు పడే మామూలు ముస్లిం కుర్రాడు, అతని అమ్మ, అతని మేనమామల గోల మన రొమాంటిక్ కామెడీలో వెతికినా దొరకడం కష్టం.

"మిస్సమ్మ" వచ్చిన 67 ఏళ్ళకి, 2022లో, వివేక్ ఆత్రేయ "అంటే సుందరానికీ" తీశారు. ఆచారాలు గట్టిగా పాటించే బ్రాహ్మణ ఇంటి సుందర్, క్రిస్టియన్ ఇంటి లీలా థామస్. ఇక్కడా అబద్ధాల మీదే కథ. పెళ్ళికి ఒప్పించడానికి ఇద్దరూ ఇళ్ళల్లో ఘోరమైన అబద్ధాలు చెబుతారు. కానీ పుట్టుమచ్చ లేదు. లీల చివరిదాకా లీలగానే ఉంది. రెండు ఇళ్ళల్లోనూ మంచితనం, మూర్ఖత్వం సమానంగా ఉన్నాయి. పిల్లల్ని కనడం గురించి ఆడమనిషికి సొంత నిర్ణయం ఉంటుందన్న మాట ఒక పెద్ద హీరో కామెడీలో వినిపించింది. కథ నిదానంగా నడిచిందని చాలామంది అన్నారు, నాకు ఆ నిదానం అవసరమనే అనిపించింది. ఇంట్లో వాళ్ళ మనసు మారడానికి అంత సమయం పడుతుంది.

ఒక్క వెలితి. లీల ఇల్లు కలిగినవాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో కనిపించే నజ్రియా, నదియా, అళగం పెరుమాళ్ ముగ్గురూ మలయాళ, తమిళ సినిమాల నుంచి వచ్చినవాళ్ళు, చక్కగా చేశారు. అంతకుముందు "ఏ మాయ చేసావే"లో జెస్సీ మలయాళీ అమ్మాయి. తెలుగు గడ్డ మీద క్రిస్టియన్లంటే ఎక్కువమంది దళితవాడల్లోనివాళ్ళు. తరాల కిందట చర్చి నీడకి, మిషన్ స్కూలుకి చేరినవాళ్ళు, టీచర్లుగా నర్సులుగా ఎదిగినవాళ్ళు. ఆ అమ్మాయి మన రొమాంటిక్ కామెడీలో ఇంకా అడుగుపెట్టలేదు. మతం దాటిన ప్రేమని ఒప్పుకోవడానికి మన సినిమా కులాన్ని, పేదరికాన్ని పక్కనపెట్టింది. హాలీవుడ్‌లోనూ ఇలాగే జరిగింది. 2018లో అందరూ ఆసియా మూలాల నటులే ఉన్న "క్రేజీ రిచ్ ఏషియన్స్" వచ్చినప్పుడు పండగ చేసుకున్నారు, చేసుకోవాల్సిందే. అయితే అందులో ఉన్నది సింగపూర్ కోటీశ్వరుల కుటుంబం. తలుపు తెరిచినప్పుడు ముందు డబ్బున్నవాళ్ళే లోపలికి వస్తారు.

వినోదంలోకి ఇవన్నీ ఎందుకు తెస్తారని నన్ను తరచూ అడుగుతారు. వినోదం పెరుగుతుందనే తెస్తున్నాను. అమెరికా అబ్బాయి, విదేశాల్లో పాట, పెళ్ళిలో సంగీత్, ఎయిర్‌పోర్టులో పరుగు. ఈ నాలుగింటితో ఎన్నిసార్లు నవ్వగలం? 2020లో "మిడిల్ క్లాస్ మెలొడీస్" గుంటూరులో హోటల్ పెట్టాలనుకున్న పల్లెటూరి కుర్రాడిని, బొంబాయి చట్నీని పట్టుకుని ఎంత హాయిగా నవ్వించిందో గుర్తుచేసుకోండి. అది, "కలర్ ఫోటో" రెండూ నేరుగా ఓటీటీలోకి వచ్చాయి. మొదటి మూడు రోజుల కలెక్షన్ భయం లేకపోతే కథకి ఎంత చోటు దొరుకుతుందో అప్పుడు తెలిసింది. "అలా మొదలైంది"తో 2011లో నందినీ రెడ్డి వచ్చాక అమ్మాయిల వైపు నుంచి హాస్యం ఎలా ఉంటుందో తెలిసింది. రాసేవాళ్ళు మారితే ఏ సంగతికి నవ్వుతామో కూడా మారుతుంది.

ఈ హాల్లో షార్ట్ ఫిల్ములు రాస్తున్న పిల్లలు ఎంతోమంది ఉన్నారు, కాబట్టి రెండు కథావస్తువులు మీ ముందు పెట్టి ముగిస్తాను. మన చర్చిల్లో చాలాచోట్ల పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్ళి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని ప్రకటన చదువుతారు. మూడు ఆదివారాలు! ప్రతి ఆదివారం ఒక కొత్త గొడవ రావడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఏ స్క్రీన్‌ప్లే పుస్తకం ఇవ్వగలదు? గుంటూరు జిల్లా పల్లెలో పుట్టి అక్కడి చర్చి క్వయర్‌లో పాడే అమ్మాయి ఎవరైనా ఈ కథ రాయగలదు, నాకంటే వందరెట్లు బాగా రాయగలదు. ఇంకోటి కడపది. ఉగాది రోజున దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వెళతారు. బీబీ నాంచారమ్మని చేసుకున్నాడు కాబట్టి స్వామి వాళ్ళకి అల్లుడు. అల్లుడి ఇంటికి పండగకి వెళ్ళినట్టు కొబ్బరికాయ పట్టుకుని వెళతారు. దేవుడి విషయంలో ఇంత సులువుగా ఒప్పుకున్న ఊళ్ళో పక్కవీధి కుర్రాడి విషయంలో ఏం జరుగుతుందో రాయండి, నవ్విస్తూ రాయండి, చివరికి ఆ ఇద్దరినీ బతకనివ్వండి. రాసినవాళ్ళు స్క్రిప్టు తీసుకుని సొసైటీ సమావేశానికి రండి. అందరం కూర్చుని చదువుదాం, తీయడానికి ఏం కావాలో చూద్దాం.